నాన్న 2515కీ షోరూమ్ 4825కీ మధ్య

కందుకూరు దగ్గర పల్లె నుంచి ఒక తమ్ముడు పెద్ద ఉత్తరమే రాశాడు. కొంచెం కుదించి ఇక్కడ పెడుతున్నా.

"అన్నా, మాకు 2011 మోడల్ టాటా 2515 ఉంది, పది టైర్ల బండి. ఓనరూ నాన్నే, డ్రైవరూ నాన్నే. సుబాబుల్, జామాయిల్ కర్ర తోలతాం, అది లేని రోజుల్లో చీమకుర్తి నుంచి చెన్నైకి గ్రానైట్ పలకలు. నాన్నకు నడుం పోయింది, ఇక నేనే ఎక్కాలి. కొత్త బండి అడిగితే షోరూమ్ వాళ్లు పదారు టైర్లది, 4825 రకం తీసుకో, డౌన్ పేమెంట్ తగ్గిస్తాం అంటున్నారు. నాన్నేమో బీఎస్-6 (పొగ తగ్గించే కొత్త రూలు) బండంటే సెన్సర్ల పుట్ట, రోడ్డు మీద ఆగితే దిక్కుండదు, ఉన్న బండికే ఇంజన్ పని చేయించి ఇంకో ఐదేళ్లు లాగుదాం అంటున్నాడు. ఫ్రెండ్స్ ఎలక్ట్రిక్ వస్తోంది ఆగమంటున్నారు. ఏసీ అవసరమా? ఏ కంపెనీ మంచిది? సూటిగా చెప్పు."

సూటిగానే చెప్తా తమ్ముడూ. పదారు టైర్ల బండి నీకొద్దు. పాత బండికి ఇంజన్ పని కూడా వద్దు. పన్నెండు టైర్ల బండి తీసుకో, ఏసీతో. కంపెనీ సంగతికి తర్వాత వస్తా, ఎందుకంటే అందరూ ముందు అడిగే ఆ ప్రశ్నకు ఉండాల్సినంత విలువ లేదు.

ముందు ఆ డోరు మీద నెంబరు చదవడం నేర్చుకుందాం, నీకు తెలిసే ఉంటుంది గానీ చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నా. 2515 అంటే లోడుతో కలిపి 25 టన్నులు, 150 హార్స్ పవర్. 4825 అంటే 48 టన్నులు, 250 హార్స్ పవర్. మొదటి రెండంకెలు బరువు, చివరి రెండంకెల పక్కన సున్నా పెడితే ఇంజన్ సత్తా, కాస్త అటూ ఇటూగా. 2018 జులైలో కేంద్రం ఇరుసు బరువుల లెక్క మార్చింది. వెనక జంట ఇరుసుకు 19 టన్నులున్నది 21 అయింది, పది టైర్ల బండి 25 నుంచి 28న్నరకు పోయింది. అందుకే ఇప్పుడు షోరూముల్లో 25తో మొదలయ్యే నెంబర్లు కనపడవు. పది టైర్లంటే 28, పన్నెండు టైర్లంటే 35, పద్నాలుగంటే 42, పదారంటే 48, ట్రైలరంటే 55. ఏ కంపెనీకి పోయినా దాదాపు ఇవే అంకెలు.

ఇక నీ లోడు చూద్దాం. సుబాబుల్ కర్ర ఎక్కేది ఎక్కడ? పోర్టులోనా, గోడౌన్‌లోనా? రేగడి చేలో, చెరువు కట్ట దిగాక, ట్రాక్టరు పోయే డొంకలో. మీ నాన్న ఆ 2515ని రివర్సులో తీసుకుపోయి తుమ్మచెట్టుకీ కరెంటు స్తంభానికీ మధ్య పెట్టేటప్పుడు అద్దంలో ఒకసారి, తల బయటికి పెట్టి ఒకసారి చూస్తాడే, ఆ సందులోకి పదారు టైర్ల బండి రాదు. వచ్చినా తిరగదు. తిరిగినా నిన్న రాత్రి రెండు చినుకులు పడ్డాయంటే లోడుతో బయటికి రాదు. ఎందుకంటే ఈ హైవే బండ్లలో చాలావాటికి వెనక రెండు ఇరుసులున్నా లాగేది ఒక్కటే, రెండోది మోసేదే తప్ప లాగేది కాదు. బురదలో ఆ ఒక్క ఇరుసు టైర్లు గిర్రున తిరుగుతుంటే రెండు ట్రాక్టర్లు కట్టి లాగాలి, వాళ్లకో వెయ్యి, కూలీల ముందు పరువో వెయ్యి.

గ్రానైట్ సంగతి వేరు, అది బరువు సరుకు. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రెండు సెంటీమీటర్ల పలక చదరపు అడుగు ఐదున్నర కిలోలు తూగుతుంది. పన్నెండు టైర్ల బండి ఖాళీ బరువు బాడీతో పదకొండు టన్నులనుకో, 24 టన్నులు మిగుల్తుంది, అంటే నాలుగు వేల చదరపు అడుగుల పైన పలక. చెన్నైకి ఒక పార్టీ ఒక ట్రిప్పుకు అడిగేది అంతే ఉంటుంది చాలాసార్లు. పదారు టైర్లది తీసుకుంటే ఇంకో పది టన్నుల పైచిలుకు పడుతుంది, నిజమే, అయితే ఆ పది టన్నులు ప్రతి ట్రిప్పుకీ దొరకాలి, లేకపోతే ఖాళీ జాగాకు కిస్తీ కడుతున్నట్టే. బ్రోకర్ ఆఫీసు బెంచీ మీద కూర్చుని లోడు కోసం చూసే ఒక్క బండి ఓనరుకు అంత పెద్ద నోరున్న బండి మంచిది కాదు. పలకలు కోయని పెద్ద బ్లాకులు తోలాలనుకుంటే మళ్లీ అది వేరే కథ, ఘనమీటరు రాయి మూడు టన్నులకు దగ్గరుంటుంది, దానికి ట్రైలరే కావాలి. ఆ పనిలో దిగే ముందు చీమకుర్తిలో ట్రైలరు తోలే ఎవరి పక్కనైనా వారం రోజులు కూర్చో.

షోరూమ్ వాళ్లకు నీ డొంక గురించి తెలియదు. వాళ్లకు ఈ నెల ఎన్ని 48లు అమ్మాలో తెలుసు. తప్పు పట్టడం లేదు, వాళ్ల ఉద్యోగం అది.

ఓవర్ లోడు మాట కూడా ఇక్కడే అనేస్తా. కొత్త ఇంజన్లు లాగుతాయి కదా అని పన్నెండు టైర్ల మీద ముప్పై టన్నుల సరుకు ఎక్కించకు. చట్టం 2019లో మారాక జరిమానా 20 వేలు, పైన టన్నుకు 2 వేలు. ఆ డబ్బు సంగతి అటుంచు, వీల్ బేరింగులూ టైర్లూ ఆ లెక్క నీకు నెలనెలా చూపిస్తాయి.

ఇప్పుడు మీ నాన్న మాట. ఆయన చెప్పిందాంట్లో సగం నిజం ఉంది, ఆ సగం ఏమిటో తెలియకుండా బండి కొనకు.

నాది కావలి. చిన్నప్పటి నుంచి హైవే పక్కన టీకొట్టు బల్ల మీద కూర్చుని హారన్ విని బండి చెప్పే పిచ్చి. మా ఇంట్లో టాటా బెంజి ముక్కు బండ్ల కాలం నుంచి లారీ ఉంది. 2021లో ముచ్చటపడి ఏసీ ఉన్న బీఎస్-6 బండి తీసుకున్నా. కంపెనీ పేరు చెప్పను, చెప్తే ఆ కంపెనీ బండి ఉన్నవాళ్లంతా నా మీదికొస్తారు. మే నెల, కృష్ణపట్నం పోర్టులో లోడు కోసం క్యూ, దాదాపు రెండు రోజులు. మా డ్రైవరు ఇంజన్ ఆపలేదు, ఏసీ వేసుకుని పడుకున్నాడు. ఆ ఎండకు నేనైనా అదే చేస్తా. మీటరు బోర్డు మీద చిన్న పెట్టెలో చుక్కలున్నట్టు పసుపు లైటు వెలిగింది. మావాడు దాన్ని చూశాడు, ఏదో లైటులే అనుకున్నాడు. లోడెక్కించుకుని చెన్నై వైపు బయల్దేరి మనుబోలు దాటీ దాటకముందే బండి చచ్చుపడింది. యాక్సిలరేటర్ నేలకు తొక్కినా ఇరవై దాటదు. రాత్రి పదకొండు. నేను కావలి నుంచి పోయి చూస్తే అలవాటు ప్రకారం ఇద్దరం కేబిన్ ఎత్తి ఇంజన్ వైపు చూస్తూ నిలబడ్డాం, సెల్‌ఫోన్ లైటు వేసుకుని. చూడ్డానికి ఏముంది? డీజిలుంది, ఆయిలుంది, బెల్టుంది. పాత బండైతే పంపు దగ్గర గాలి తీసి, ఫిల్టరు మార్చి, ఏదో ఒకటి చేసి గూడూరు దాకా లాక్కుపోయేవాళ్లం. ఇక్కడ స్పానరుతో చేసే పనే లేదు. మర్నాడు మధ్యాహ్నం ఒక పిల్లోడు మోటార్ సైకిల్ మీద లాప్‌టాప్ తెచ్చి, వైరు గుచ్చి, ఏదో నొక్కి, ఇంజన్‌ని దానంతటదే రేసు పెట్టించి నలభై నిమిషాలు నిలబెట్టాడు. సైలెన్సర్ కింద గడ్డి లేకుండా చూసుకోండి సార్ అన్నాడు, అంత వేడి. తర్వాత బండి ఏమీ ఎరగనట్టు పోయింది.

జరిగిందేమిటంటే, బీఎస్-6 బండి సైలెన్సర్‌లో మసిని పట్టే జల్లెడ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని బండి తనే కాల్చుకోవాలి, దానికి ఆరొందల డిగ్రీలకు అటూ ఇటూ వేడి కావాలి. హైవే మీద లోడుతో పోతుంటే ఆ పని అదే చేసుకుంటుంది. క్యూలో గంటల తరబడి ఐడిల్ మీద, అంటే బండి ఆగి ఇంజన్ నడుస్తూ ఉంటే పొగలో ఆ వేడి రాదు, మసి మాత్రం పేరుకుంటుంది. మా బండి చెడిపోలేదు, దానికి ఊపిరి ఆడలేదు, అంతే. పసుపు లైటు వెలిగినప్పుడే హైవే ఎక్కించి అరగంట తోలినా, లేదా బండి ఆపి డాష్‌బోర్డు మీద దానికున్న స్విచ్ నొక్కినా రాత్రంతా జాగారం తప్పేది. ఆ స్విచ్ ఉందని మా డ్రైవరుకు ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. డెలివరీ రోజు కొబ్బరికాయ, నిమ్మకాయలు, ఫొటో, స్వీట్ బాక్సు అన్నీ అయ్యాయి, ఆ స్విచ్ ఒక్కటి తప్ప.

కంపెనీల మీద నా కోపం ఇక్కడే. 2020 ఏప్రిల్ ఒకటిన దేశం బీఎస్-4 నుంచి బీఎస్-6కు దూకింది, ఐదును తొక్కనే లేదు. మూడేళ్లకు, 2023 ఏప్రిల్‌లో, రెండో దశ అని ఇంకో మెలిక. ఇంజన్లు చేసినవాళ్లు గొప్పవాళ్లే, అంత తక్కువ టైములో చేశారు, పొగ నిజంగా తగ్గింది, ఒకప్పుడు లారీ వెనక బండి మీద పోతే ముక్కులో బొగ్గు తేలేది. అయితే ఇంజన్ మార్చినంత వేగంగా రోడ్డు పక్క మెకానిక్‌ని మార్చలేదు. నెల్లూరు ఆటోనగర్‌లో చెవితో ఇంజన్ జబ్బు చెప్పగలిగిన మేస్త్రీలున్నారు, ఆ చెవులకు పని లేకుండా పోయింది, చేతికి స్కానర్ ఇచ్చినవాడు లేడు.

ఏసీ సంగతీ అంతే. కొత్తగా తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన ప్రతి సరుకు బండికీ కేబిన్ ఏసీ ఉండాలని 2025లో రూలు అమల్లోకి వచ్చింది. చాలా మంచి రూలు, పాతికేళ్ల కిందటే రావాల్సింది. ఇంజన్ పక్కన కూర్చుని మే నెలలో ఒంగోలు నుంచి నాయుడుపేట దాకా తోలిన ఎవరినైనా అడుగు. కానీ చాలా బండ్లలో ఇంజన్ ఆగితే ఏసీ ఆగుతుంది. డ్రైవరు నిద్రపోయేది బండి ఆగినప్పుడు కదయ్యా! ఆగిన బండిలో బ్యాటరీ మీద నడిచే ఏసీ పెట్టాల్సింది పోయి ఇంజన్ ఏసీ పెట్టారు, ఆ ఇంజన్‌ని ఐడిల్ మీద ఉంచితే డీపీఎఫ్ పూడుకుంటుంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేత్తో లాక్కున్నట్టు. అయినా ఏసీ బండే తీసుకో, క్యూలో మాత్రం గంటకు మించి ఐడిల్ మీద ఉంచకు, కిటికీకి ఓ దోమతెర కుట్టించుకో. ఇంకోటి, షోరూములో ఆ రూలుకు ముందు తయారైన పాత స్టాకు డిస్కౌంటుతో చూపిస్తే తయారీ నెల ఏదో కాగితం మీద చూడు, ఏసీ లేకపోవచ్చు.

యూరియా గురించి రెండు మాటలు. పొగ శుభ్రం చేయడానికి బండికి విడిగా పోసే, మనవాళ్లు యూరియా అనే ఆ డెఫ్ ద్రవంలో 32.5 శాతం యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీళ్లు. డీజిల్ వందకు నాలుగైదు లీటర్ల చుట్టూ తాగుతుంది. పొలానికి వేసే యూరియా బోరు నీళ్లలో కలిపి పోసిన మహానుభావులు నాకు తెలుసు. చేను యూరియాకు వేపపూత ఉంటుంది, మన బోర్లలో ఉప్పుంటుంది. ఆ రెండూ కలిసి నాజిల్లో రాయిలా గడ్డకడితే ఆదా అయిన బకెట్ల డబ్బుకు యాభై రెట్లు బిల్లు. సీలున్న బకెట్ కొను, బిల్లు తీసుకో.

అశోక్ లేలాండ్ వాళ్ల ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. 2017లో బీఎస్-4 వచ్చినప్పుడు వాళ్లు ఐఈజీఆర్ అని యూరియా గొడవే లేకుండా, పొగలో కొంత భాగం మళ్లీ ఇంజన్లోకే తిప్పే పద్ధతి పట్టుకున్నారు. మన ఓనర్లకు అది ప్రాణం, బకెట్ లేదు, సెన్సర్లు తక్కువ. ఆ నిర్ణయం మూడేళ్లు తెగ నడిచింది. బీఎస్-6లో వాళ్లూ యూరియాకే వచ్చారు, రాక తప్పలేదు. అయినా నా లెక్కలో ఓనరు వైపు నుంచి ఆలోచించిన నిర్ణయమంటే అది. 2016లో మహీంద్రా వాళ్లు బ్లాజో లారీ తెచ్చినప్పుడు మైలేజీ ఎక్కువ రాకపోతే బండి వెనక్కిచ్చేయండి అన్నారు, అదీ దమ్మున్న మాటే. ఇప్పుడేమో ఏ షోరూముకు పోయినా పెద్ద స్క్రీన్, మొబైల్లో యాప్, మీ బండి ఎక్కడుందో చూపిస్తుందట. మా బండి ఎక్కడుందో నాకు తెలుసు బాబూ, మనుబోలులో ఆగి ఉంది, ఎవరొస్తారో చెప్పండి. బంపర్ల గురించి అడగొద్దు. ఇనప బంపరు తీసేసి ప్లాస్టిక్ పెట్టారు, చేలో గట్టు తగిలినా ముక్కలే.

అందుకే కంపెనీ ప్రశ్నకు నా జవాబు ఇది. టాటా, లేలాండ్, ఐషర్, భారత్ బెంజ్, మహీంద్రా, పన్నెండు టైర్లలో ఏదీ చెడ్డ బండి కాదు. నువ్వు రెండు పనులు చెయ్. ఒకటి, ఒక ఆదివారం రాత్రి పదింటికి వాళ్ల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి సింగరాయకొండ దగ్గర బండి ఆగింది, పసుపు లైటు వెలుగుతోంది, ఎంతసేపట్లో వస్తారు అని అడుగు. ఆ జవాబు బ్రోచర్‌లో దొరకదు. రెండు, ఒంగోలుకీ కావలికీ మధ్య ఎవరి వర్క్‌షాపు ఉందో పోయి చూడు, షోరూమ్ కాదు, వెనక షెడ్డు, అక్కడ ఎన్ని బండ్లు ఎన్ని రోజులుగా విడిభాగాల కోసం నిలబడి ఉన్నాయో డ్రైవర్లనే అడుగు. బండి మంచిదైనంత మాత్రాన కంపెనీ నిలబడుతుందని లేదు. జర్మనీ కంపెనీ మాన్ వాళ్లు మంచి బండ్లే చేశారు, 2018లో ఇక్కడ దుకాణం మూసేశారు.

ఎలక్ట్రిక్ కోసం ఆగడం నీకు అనవసరం. పీఎం ఈ-డ్రైవ్ అనే కేంద్ర పథకం కింద ఎలక్ట్రిక్ లారీకి 9.6 లక్షల దాకా ఇస్తామన్నారు, దానికి పాత లారీ తుక్కుకు ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. అంత ఇచ్చినా పెద్ద బండి ధర డీజిల్ బండికి రెట్టింపు పైమాటే. రోజూ ఒకే దారిలో తిరిగి సాయంత్రానికి ఒకే చోటికి చేరే బండికి అది బాగుంటుంది. నీ సుబాబుల్ తోటలో ప్లగ్గు ఎక్కడుంది?

డబ్బు లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి లారీ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను లేకుండా 36 లక్షల బండనుకుంటే 3 లక్షల 60 వేల తేడా. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తర్వాత కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకోని మనలాంటి చిన్న ఓనర్లకు అది నిజంగా జేబులో మిగిలే డబ్బు. షోరూమ్ వాడు పాత ధర కాగితం చూపించి డిస్కౌంట్ అని అదే డబ్బు మళ్లీ నీకు అమ్ముతాడేమో చూసుకో. 40 లక్షలు పది శాతం వడ్డీకి ఐదేళ్లు పెడితే కిస్తీ 85 వేలు. నెలకు ఎన్ని ట్రిప్పులు నికరంగా దొరుకుతున్నాయో మీ నాన్న పాత డైరీల్లో ఉంటుంది, రాస్తాడు కదా, ఆ తరం వాళ్లంతా రాస్తారు. వానాకాలంలో కర్ర ఆగిన రెండు నెలలు కూడా లెక్కలో వేసుకో. ఆ రెండు నెలల కిస్తీ బ్యాంకులో ముందే పెట్టుకున్నాకే సంతకం పెట్టు. డౌన్ పేమెంట్ తగ్గిస్తామంటే సంబరపడకు, తగ్గిన డబ్బు కిస్తీలోకే పోతుంది.

2515 సంగతి. పదిహేనేళ్ల బండికి ఇంజన్ పని అంటే ఇంజన్‌తో ఆగదు, గేర్‌బాక్సు, కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు), కేబిన్ తుప్పు, వరసగా అన్నీ పిలుస్తాయి. వయసుతో పాటు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చూ పెరుగుతుంది. ఇప్పుడు నడుస్తున్న బండిగా అమ్మితే ఒక ధర, ఇంజన్ విప్పాక అమ్మితే ఇంకో ధర. కొత్తది వచ్చి నెల రోజులు సరిగ్గా తిరిగాక అమ్ము, ముందే అమ్మకు. మీ నాన్నను వర్క్‌షాపుకు తీసుకుపో, షోరూముకు కాదు, ఆ వెనక షెడ్డుకు. లాప్‌టాప్ పెట్టి ఎలా చూస్తున్నారో ఆయన కళ్లతో చూడనీ. నీకు తట్టని ప్రశ్నలు ఆయన అడుగుతాడు, వాళ్లు తడబడితే నీకే అర్థమవుతుంది. డెలివరీ రోజు కొబ్బరికాయ కొట్టే ముందు ఆ డీపీఎఫ్ స్విచ్ ఎక్కడుందో చూపించమని పట్టుబట్టు, చూపించేదాకా తాళాలు తీసుకోకు.

బండి వచ్చాక ఏదో ఒక ట్రిప్పులో కావలి దగ్గర ఆపి నాకో ఫోన్ కొట్టు తమ్ముడూ. టీ నేనిప్పిస్తా. వెనక ఇరుసు కిందికి దూరి చూడాలి నేనొకసారి.